థైరాయిడ్ మాత్రయు, తగ్గని బరువు

"ఆమెకు థైరాయిడ్ ఉన్నది" అను మాట నేడు మన వీధులలోను, ఇండ్లలోను తరచుగా వినబడుచున్నది. శాస్త్రరీత్యా చూచినచో ఈ మాట విచిత్రమైనది. థైరాయిడ్ లేని మనుష్యుడెవడు? కన్ను, ముక్కు, కాలేయములవలె అదియు ప్రతి దేహములో ఉండు ఒక అవయవమే. ఆ గ్రంథి సరిగా పనిచేయుట లేదని చెప్పుటయే జనుల ఉద్దేశ్యము. ఈ మాట వెంట మరొక మాట కూడ వచ్చును: "మాత్ర వేసికొనుచునే ఉన్నది, అయినను బరువు తగ్గుట లేదు." ఈ రెండవ మాటలో ఎంతో నిరాశ, కొంత అవమానము, అప్పుడప్పుడు ప్రమాదము కూడ దాగియున్నవి. మందు పనిచేయుట లేదని మానివేయువారు కొందరు. ఒకటికి రెండు మాత్రలు మ్రింగువారు కొందరు. తిండి మానివేసి నీరసించువారు మరికొందరు. జంతుశాస్త్ర విద్యార్థులమైన మేము వినాళ గ్రంథుల పాఠమును చదివిన పిమ్మట, పుస్తకములోని బొమ్మకును ఇంటిలోని ఈ బాధకును గల సంబంధమును తెలిసికొనవలెనని ప్రయత్నించితిమి. ఆ ప్రయత్న ఫలమే ఈ వ్యాసము.

గ్రంథి స్వరూపము, స్వభావము

మెడ ముందు భాగమున, స్వరపేటికకు కొంచెము దిగువను, శ్వాసనాళమునకు ఇరుప్రక్కల రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె అమరియుండు గ్రంథియే థైరాయిడ్. తెలుగు పాఠ్యగ్రంథములలో దీనిని అవటు గ్రంథి అందురు. పెద్దవారిలో దీని బరువు సుమారు 20 గ్రాములు మాత్రమే. దీనికి నాళము లేదు. తాను తయారుచేసిన హార్మోనులను నేరుగా రక్తములోనికి వదలును. ఆ హార్మోనులలో ముఖ్యమైనది థైరాక్సిన్. దీని అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులు ఉండుటచే దీనిని టి-4 అని కూడ పిలుతురు. ఇది కాలేయము, మూత్రపిండములు మొదలగు అవయవములలో ఒక అయొడిన్ పరమాణువును కోల్పోయి టి-3 గా మారును. కణములలో చురుకుగా పనిచేయునది ఈ టి-3 యే. కణములు ఆహారమునుండి శక్తిని, వేడిమిని పుట్టించు జీవక్రియ ఎంత వేగముతో సాగవలెనో ముఖ్యముగా నిర్ణయించునది ఇదియే.

ఈ గ్రంథిపై పెత్తనము చేయునది మెదడు అడుగున ఉండు పీయూష గ్రంథి. రక్తములో థైరాక్సిన్ తగ్గినచో పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అను మరొక హార్మోనును అధికముగా విడుదల చేసి థైరాయిడ్‌ను తొందరపెట్టును. పొయ్యిలో మంట తగ్గినప్పుడు ఊదుగొట్టముతో గట్టిగా ఊదుదుము గదా, అట్టిదే ఇదియును. కనుకనే థైరాయిడ్ మందగించినవారి రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. పెరిగి కనబడును. దీని సాధారణ పరిమితి పెద్దలలో లీటరు రక్తరసమునకు సుమారు 0.4 నుండి 4 మిల్లీ యూనిట్లు; పరీక్షాలయమునుబట్టి స్వల్ప భేదములుండును. సంఖ్య ఎక్కువైనది గనుక థైరాయిడ్ ఎక్కువైనదని పలువురు పొరబడుదురు. నిజము దానికి విరుద్ధము.

లోపము ఏల కలుగును?

పూర్వము ప్రపంచములో దీనికి ప్రధాన కారణము ఆహారములో అయొడిన్ లేకపోవుట. మన దేశమున హిమాలయ ప్రాంతములలో మెడ క్రింద పెద్ద కణితివలె వ్రేలాడు గాయిటర్ వ్యాధి తరతరములుగా ఉండెడిది. ఈ సందర్భమున ఒక తెలుగు బిడ్డను స్మరింపవలసియున్నది. శ్రీకాకుళములో 1921లో జన్మించి, విశాఖపట్నము ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుండి తన సహచరులతో కలసి హిమాచల ప్రాంతపు కాంగ్రా లోయలో ఒక గొప్ప ప్రయోగమును నడిపించిరి. కొన్ని మండలములకు అయొడిన్ కలిపిన ఉప్పును, ఒక మండలమునకు మామూలు ఉప్పును సరఫరా చేసి, గాయిటర్ ఎంత తగ్గునో పరిశీలించిరి. అయొడిన్ ఉప్పు తిన్నవారిలో వ్యాధి స్పష్టముగా తగ్గినది. 1962లో ప్రారంభమైన జాతీయ గాయిటర్ నివారణ పథకమునకు ఆ పరిశోధన బలము చేకూర్చినది.

అయొడిన్ ఉప్పు వ్యాపించిన పిమ్మట మరొక కారణము ముందుకు వచ్చినది. దేహరక్షణకై ఏర్పడిన వ్యవస్థయే పొరపాటున థైరాయిడ్‌ను పరాయి వస్తువుగా భావించి క్రమక్రమముగా నాశనము చేయును. దీనిని 1912లో వర్ణించిన జపాను వైద్యుడు హకారు హషిమోటో పేరిట హషిమోటో వ్యాధి అందురు. ఇది పురుషులలోకంటె స్త్రీలలో ఎన్నో రెట్లు ఎక్కువ. ఇట్టివారు అయొడిన్ మరింత తిన్నచో లాభము లేదు. మితిమీరిన అయొడిన్ గ్రంథిని ఇంకను మందగింపజేయవచ్చును. కనుక బరువు తగ్గుటకని సముద్రపు నాచు మాత్రలు కొని తినుట వ్యర్థమే గాక హానికరము కూడ.

బరువు ఎంత పెరుగును? ఎందువలన?

థైరాయిడ్ స్రావము దాదాపు పూర్తిగా ఆగిపోయినచో, విశ్రాంతి స్థితిలో దేహము ఖర్చుచేయు శక్తి మామూలుకంటె 40 నుండి 50 శాతము వరకు తగ్గునని శరీరధర్మశాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి. అంతటి లోపము అరుదు. నేడు రక్తపరీక్షలు సులభముగా లభించుటచే చాలమందిలో లోపము తొలిదశలోనే బయటపడుచున్నది. వారిలో శక్తి వ్యయములోని తగ్గుదల స్వల్పమే.

ఇచ్చట చాలమంది ఎరుగని ఒక విషయమున్నది. థైరాయిడ్ లోపమువలన పెరిగిన బరువంతయు క్రొవ్వు కాదు. అందులో అధిక భాగము నీరు, ఉప్పు. హార్మోను తగ్గినప్పుడు చర్మము క్రింది కణజాలములో నీటిని పట్టియుంచు పదార్థములు పోగుపడును. ముఖము ఉబ్బుట, కనురెప్పలు బరువెక్కుట, చేతి ఉంగరము బిగుసుకొనుట ఇందువలననే. లోపము యొక్క తీవ్రతనుబట్టి థైరాయిడ్ వలన పెరుగు బరువు సాధారణముగా 2 నుండి 5 కిలోగ్రాముల లోపల ఉండునని నిపుణులు చెప్పుచున్నారు.

ఈ సంఖ్యను మరల ఒకసారి చదువుడని పాఠకులను కోరుచున్నాము. ఒక వ్యక్తి ఉండవలసిన దానికంటె 18 కిలోలు అధికముగా ఉన్నచో, అందులో 4 కిలోలు థైరాయిడ్ లెక్కలో పడవచ్చును. మిగిలిన 14 కిలోలకు వేరు కారణములు వెదకవలెను. ఆ 14 కిలోలను కూడ మాత్రయే కరిగించునని ఎదురుచూచుట వలననే నిరాశ కలుగుచున్నది.

ఔషధ కథ

ఈ మందు కథ వినదగినది. 1891లో ఇంగ్లండు దేశమున జార్జి ముర్రే అను వైద్యుడు, తీవ్రమైన థైరాయిడ్ లోపముతో ఉబ్బి, మందగించిన ఒక స్త్రీకి గొర్రె థైరాయిడ్ సారమును సూదిమందుగా ఇచ్చెను. ఆమె కోలుకొని, ఆ చికిత్సతోనే మరి 28 సంవత్సరములు జీవించెను. 1914 డిసెంబరు 25న అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను వేరుపరచెను. 1926లో చార్లెస్ హారింగ్టన్ దాని అణునిర్మాణమును కనుగొని, మరుసటి యేడు జార్జి బార్జర్‌తో కలసి దానిని ప్రయోగశాలలోనే తయారుచేసెను. నేడు మనవారు వేసికొను లీవోథైరాక్సిన్ మాత్రలోని పదార్థము, మన గ్రంథి తయారుచేయు థైరాక్సిన్ ఒకటియే. అనగా ఇది వ్యాధిపై యుద్ధము చేయు మందు కాదు. లోటును పూడ్చు మందు. బావిలో నీరు తగ్గినప్పుడు బయటి నీటిని తెచ్చి పోసినట్టిది. బావి అంచుమట్టమునకు నిండిన తరువాత ఇంకను పోసినచో పంట పెరుగదు, పొర్లి నష్టమే కలుగును.

మాత్రతో బరువు తగ్గకపోవుటకు కారణములు

సరియైన మోతాదు అందిన తరువాత మొదట పోవునది పేరుకొనిన నీరు. అందుచే తొలి నెలలలో రెండు, మూడు కిలోలు తగ్గవచ్చును. ఈ తగ్గుదల సాధారణముగా దేహభారములో పదియవ వంతును మించదు. పిదప తూనిక ముల్లు నిలిచిపోవును. రోగి దీనిని మందు వైఫల్యముగా భావించును. వాస్తవమునకు మందు తన పనిని పూర్తిచేసినది.

అయితే మరికొన్ని కారణములు కూడ ఉండవచ్చును. మోతాదు చాలకపోవచ్చును. లీవోథైరాక్సిన్ రక్తములో సగమగుటకు సుమారు ఏడు దినములు పట్టును. కావున మోతాదు మార్చిన ఆరు నుండి ఎనిమిది వారముల తరువాతనే టి.ఎస్.హెచ్. పరీక్ష నిజమును చెప్పును. వారము తిరుగకుండ పరీక్షించి కలతచెందుట వ్యర్థము. వయసు పెరిగిన కొలది కండ తగ్గి, దేహము ఖర్చుచేయు శక్తి తగ్గును. నిద్రలేమి ఆకలిని పెంచును. అండాశయములలో నీటిబుడగల సమస్య, ఇన్సులిన్ పనితీరు మందగించుట, కొన్ని ఇతర వ్యాధులకు వాడు స్టిరాయిడ్ మందులు కూడ బరువును పెంచును. లోపము ఉన్న కాలములో కలిగిన అలసటవలన నడక తగ్గి, కూర్చుండుట అలవాటగును. అలసట పోయినను అలవాటు పోదు.

ఉపవాసములతో దేహమును శుష్కింపజేయువారి సంగతి వేరు. తిండి మరీ తగ్గినచో దేహము కరవు వచ్చినదని తలచి టి-4 ను టి-3 గా మార్చుటను తగ్గించుకొనును, కండయు కరగును. కొలదిదినములు బరువు తగ్గి, తిండి మొదలిడగానే తిరిగివచ్చుట అందువలననే.

మాత్ర వేసికొను పద్ధతి

మ్రింగిన మాత్రలో 60 నుండి 80 శాతము మాత్రమే రక్తములో చేరును. అదియు కడుపు ఖాళీగా ఉన్నప్పుడే. మేము గమనించినంతలో పెక్కు ఇండ్లలో తప్పు ఇచ్చటనే జరుగుచున్నది. మాత్రను టీతోనో కాఫీతోనో మ్రింగుదురు. లేదా నాష్తా ముగించి గుర్తువచ్చినప్పుడు వేసికొందురు. సరియైన పద్ధతి ఇది: ఉదయము లేవగానే మంచినీటితో మాత్ర వేసికొని, అరగంట నుండి గంటవరకు ఏమియు తినరాదు, టీ కాఫీలు త్రాగరాదు. ఇనుము, కాల్షియము మాత్రలు వేసికొనువారు ఈ మాత్రకు నాలుగు గంటల ఎడము పాటింపవలెను. ఏలన అవి థైరాక్సిన్‌ను ప్రేగులోనే పట్టివేయును. కడుపు మంటకు వాడు కొన్ని మందులు, సోయా పదార్థములు కూడ దీనిని అడ్డగించును. జుట్టు కొరకని బయోటిన్ మాత్రలు వాడువారు పరీక్షకు కనీసము రెండు దినములు ముందు వాటిని మానవలెను. లేనిచో ఫలితము తప్పుదారి పట్టించును.

రంజాన్ మాసములో ఉపవాసముండువారికి ఈ ప్రశ్న ప్రత్యేకముగా ఎదురగును. రాత్రి భోజనమైన మూడు గంటలకు, పడుకొనుటకు ముందు మాత్ర వేసికొనుట ఒక మార్గము. సహరీకి అరగంట నుండి గంట ముందు లేచి వేసికొనుట మరొక మార్గము. ఏది తగినదో మాసము ప్రారంభము కాకముందే వైద్యుని అడిగి తెలిసికొనవలెను. ఇఫ్తారు పదార్థములతోపాటు మ్రింగుటయు, నెలంతయు మానివేయుటయు రెండును సరికావు.

క్యాబేజీ, కాలీఫ్లవర్ తినరాదని ఒక భయము వ్యాపించియున్నది. చాలినంత అయొడిన్ ఉప్పు తినుచు, వైద్యుడు చెప్పిన మాత్ర వేసికొనువారికి వండిన క్యాబేజీ మితముగా తినుటవలన కీడు లేదు. నేతిలో వేగిన పరాటాలను విడిచి క్యాబేజీని దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు.

మోతాదును స్వయముగా పెంచుటలోని అపాయము

పందొమ్మిదవ శతాబ్దము చివరనే కొందరు వైద్యులు థైరాయిడ్ సారమును స్థూలకాయమునకు మందుగా ఇచ్చిరి. బరువు తగ్గినమాట నిజమే. కాని తగ్గినదానిలో కండయు ఉండెను. గుండె దడ, వణకు, నిద్రలేమి తోడయ్యెను. అనుభవముతో ఆ పద్ధతి తప్పని తేలినది. అమెరికాలో అమ్ము లీవోథైరాక్సిన్ మందుతో ఇచ్చు సమాచారపత్రములో, దీనిని బరువు తగ్గుటకు వాడరాదని, అధిక మోతాదు ప్రాణాంతకము కావచ్చునని అన్నిటికంటె పైన పెట్టెగీసి హెచ్చరించుచున్నారు. మోతాదు మించినచో, ముఖ్యముగా వయసు మళ్ళినవారిలో, గుండె లయ తప్పి కొట్టుకొనును. ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారును. 50 మైక్రోగ్రాములు, 100 మైక్రోగ్రాములు అని వ్రాసియుండు ఈ మాత్రలలో ఉన్న మందు ఎంత స్వల్పమో గమనింపుడు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. ఇంత స్వల్ప పరిమాణముతో దేహమంతటిని నడిపించు పదార్థముతో చెలగాటమాడరాదు.

మానివేయుట అంతకంటె ప్రమాదము. ముఖ్యముగా గర్భిణులకు. తొలి నెలలలో గర్భస్థశిశువు తనకు కావలసిన థైరాక్సిన్‌కై తల్లిపైననే ఆధారపడును; శిశువు మెదడు ఎదుగుదలకు అది అత్యవసరము. అందుచే గర్భము నిలిచినట్లు తెలియగానే మాత్ర మానుట కాదు, మోతాదు పెంచవలెనేమో తెలిసికొనుటకు వెంటనే వైద్యుని చూడవలెను.

ఒక చిన్న లెక్క

ఇక మిగిలినది క్రొవ్వు. దానిని తగ్గించు మార్గము అందరికి ఒకటియే, థైరాయిడ్ ఉన్నను లేకున్నను. మేము ఒక ఊహా ఉదాహరణను తీసికొని లెక్క కట్టితిమి. ఒక గృహిణి ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు అనుకొందము. బరువును ఎత్తు మీటర్ల వర్గముచే భాగించగా 28.3 వచ్చును. మన దేశీయులకు 23 దాటినచో అధికభారమని, 25 దాటినచో స్థూలకాయమని నిపుణులు నిర్ణయించిరి. మాత్రతో టి.ఎస్.హెచ్. సరియై, 3 కిలోల నీరు పోయి 65 వద్ద నిలిచినది. ఇప్పుడు అందులో 5 శాతము, అనగా 3.25 కిలోలు తగ్గవలెనని ఆమె సంకల్పము.

ఒక కిలో దేహపు క్రొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉండును. 3.25 కిలోలకు సుమారు 25,000 కేలరీలు. దినమునకు 300 కేలరీల చొప్పున తగ్గించినచో లెక్క ప్రకారము 83 దినములు పట్టును. ఆ 300 ఎచ్చటినుండి వచ్చును? ఆమె దినమునకు నాలుగు కప్పుల టీ, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల చక్కెరతో త్రాగుననుకొందము. చెంచా చక్కెర 20 కేలరీలు. ఒక్కొక్క చెంచా తగ్గించిన 80 మిగులును. కూరలో మూడు చిన్న చెంచాల నూనె తగ్గించిన, చెంచాకు 40 చొప్పున 120. అరగంట వడివడిగా నడచిన సుమారు 100. మొత్తము 300. అన్నము మానవలసిన పనిలేదు, పస్తుండవలసిన పనియు లేదు. పప్పు, గ్రుడ్డు, పెరుగు వంటి మాంసకృత్తులు చాలినంత తినుచు, వారమునకు రెండు మూడుమార్లు కండరములకు శ్రమనిచ్చు వ్యాయామము చేసినచో కండ కరగకుండ నిలుచును.

అయితే ఒక మాట. దేహము కాగితముమీది లెక్క కాదు. బరువు తగ్గిన కొలది దాని ఖర్చును తగ్గును. కావున 83 దినములు నాలుగు, అయిదు నెలలు కావచ్చును. దినదినము తూనిక ఎక్కుటకంటె వారమున కొకసారి, ఒకే వేళకు చూచుకొనుట మేలు. నడుము కొలత కూడ తీసికొనవలెను. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకుండుట మంచిది. 5 శాతము తగ్గినను రక్తపోటు, రక్తములోని చక్కెర మెరుగుపడుటకు తోడ్పడును. ఇది చిన్న లాభము కాదు.

ముగింపు

ఈ సమస్యలో వైద్యశాస్త్రము ఒక భాగమే. రెండవ భాగము మన మాటలలో ఉన్నది. థైరాయిడ్ మందగించిన యువతిని "సోమరి" అనుటయు, పెండ్లిచూపులకు ముందు మాత్రను దాచిపెట్టించుటయు, "మందు తిన్నను ఇంతే గదా" అని హేళన చేయుటయు మన సమాజములో జరుగుచున్నవి. ఆ మాటలకు వెరచియే కొందరు మాత్రను మానుచున్నారు, కొందరు రెట్టింపు చేయుచున్నారు. చదువుకొన్న మనము ఇంటిలో చేయదగిన పని కష్టమైనది కాదు. తల్లి మాత్ర వేసికొనిన గంట తరువాతనే టీ అందించవచ్చును. అక్క ఇనుము మాత్రను మధ్యాహ్నమునకు మార్చవచ్చును. పరీక్షా పత్రములోని సంఖ్య అర్థమేమో అమ్మమ్మకు, నానీమాకు వారి భాషలో చెప్పవచ్చును. సాయంకాలము వారితో కలసి అరగంట నడవవచ్చును.

మాత్ర థైరాయిడ్ లోటును పూడ్చును. అన్నము, శ్రమ, నిద్ర బరువును నిర్ణయించును. ఒకదాని పనిని మరొకదానికి అప్పగింపకుండుటయే ఈ పాఠము నుండి మేము నేర్చినది. పాఠకులు కూడ దీనిని పరీక్షల వరకు గాక, ఇంటివరకు తీసికొనిపోవుదురని ఆశించుచున్నాము.